ప్రోబ్ పెడితే పనిచేసిన బోర్డు: హైస్పీడ్ డిజైన్ నేర్చుకున్న నా అనుభవం

ఆరేళ్లుగా ఒక్క మార్పు కూడా లేకుండా తయారవుతూ వచ్చిన బోర్డు అది. డిజైన్ నాదే. నాలుగు లేయర్లు, ఒక మైక్రోకంట్రోలర్, దాని పక్కన సిగ్నల్‌కి బలమిచ్చి ముందుకి పంపే చిన్న బఫర్ చిప్, ఆ బఫర్ నుంచి 20 సెంటీమీటర్లు సాగే క్లాక్ ట్రేస్ (చిప్‌లకి తాళం వేసే సిగ్నల్ నడిచే రాగి గీత), ఆ దారిలో వరసగా మూడు షిఫ్ట్ రిజిస్టర్లు (క్లాక్ వచ్చిన ప్రతిసారీ డేటాని ఒక బిట్ జరిపే చిప్‌లు). క్లాక్ 8 మెగాహెర్ట్జ్. 8 మెగాహెర్ట్జ్ అంటే ఇవాళ ఎవరూ పెద్దగా లెక్కలోకి తీసుకోరు. నేనూ తీసుకోలేదు.

ఒక కొత్త బ్యాచ్ వచ్చాక టెస్టింగ్ వాళ్ల నుంచి ఫోన్లు మొదలయ్యాయి. నూరు బోర్డులకు ఏడెనిమిది తప్పు డేటా ఇస్తున్నాయి. అదీ అప్పుడప్పుడు. మొదట ఫర్మ్‌వేర్‌ని అనుమానించాం. డిలేలు పెంచాం. సోల్డరింగ్ చూశాం. పవర్ సప్లై మార్చాం. ఏదీ తేలక, క్లాక్‌ని 8 నుంచి 1 మెగాహెర్ట్జ్‌కి దించాం. నెమ్మదిగా నడిపితే ఏ సర్క్యూట్ అయినా దారికొస్తుందన్నది నా నమ్మకం. క్లాకుల లెక్కన చూస్తే తప్పులు అన్నే ఉన్నాయి. తగ్గలేదు, పెరగలేదు.

తప్పుకి ఒక తీరు మాత్రం ఉంది. మూడో చిప్ నుంచి వచ్చేది చెత్త డేటా కాదు. సరైన డేటానే, ఒక బిట్ పక్కకి జరిగి వస్తోంది. అంటే ఒక క్లాక్ ఎడ్జ్‌ని, సిగ్నల్ కింద నుంచి పైకి ఒక్కసారి ఎక్కడాన్ని, ఆ చిప్ రెండుగా లెక్కపెడుతోంది. దొరికింది అనుకుని ఆ చిప్ క్లాక్ పిన్ మీద స్కోప్ (సిగ్నల్‌ని తెర మీద గీతగా చూపించే ఆసిల్లోస్కోప్) ప్రోబ్ పెట్టాను. తప్పు ఆగిపోయింది. ప్రోబ్ తీశాను, మళ్లీ మొదలైంది. పెట్టాను, ఆగింది. ఆ సాయంత్రమంతా అదే వరస. చూడ్డానికి ప్రోబ్ పెడితే జబ్బు మాయమవుతుంది, తీస్తే జబ్బు ఉంటుంది కానీ చూడలేం. తొమ్మిదేళ్లు బోర్డులు చేసిన నాకు ఆ రోజు నిజంగా భయం వేసింది. ఈ పనిలో నాకు తెలియని అంతస్తు ఒకటి ఉందని అప్పుడే అర్థమైంది.

బోర్డు మారలేదు, ఫర్మ్‌వేర్ మారలేదు. మరి ఏం మారింది? పార్ట్ నంబర్లన్నీ ఒక్కొక్కటిగా సరిచూస్తే బఫర్ చిప్ దగ్గర తేలింది. నంబర్ అదే, డేటాషీట్ అదే. కానీ తయారీదారు దాన్ని కొత్త ప్రాసెస్‌లోకి మార్చాడు. చిప్ లోపల ట్రాన్సిస్టర్లు చిన్నవయ్యాయి, ఎడ్జ్ వేగం పెరిగింది. డేటాషీట్ ఇచ్చే మాట "డిలే ఇంతకి మించదు" అన్నదే. మరీ వేగంగా ఉండకూడదని అందులో ఎక్కడా లేదు. కాబట్టి వాళ్ల తప్పు అనడానికీ లేదు. మా స్కోప్ మీద పాత చిప్ ఎడ్జ్ 7 నానోసెకన్లు, కొత్తది 3.6. రెట్టింపు వేగం అన్నమాట. రెట్టింపుకే ఇంత గొడవా అనుకున్నాను. ఆ 3.6 అన్న అంకె అసలు చిప్‌ది కాదని తెలియడానికి ఇంకో మూడు వారాలు పట్టింది.

ఉద్యోగం చేస్తున్న ఇంజినీర్ల కోసం పెట్టిన మూడు రోజుల క్లాస్ ఒకటి ఉందని తెలిసి, మేనేజర్‌ని అడిగి వెళ్లాను. గదిలో ఇరవై మంది దాకా ఉన్నాం. అందరూ ఏదో ఒక బోర్డు దెబ్బ తిని వచ్చినవాళ్లే. మొదటి గంటలో పాఠం చెప్పే ఆయన అందరినీ ఒకటే అడిగారు: "మీ డిజైన్‌లో అన్నిటికంటే వేగమైన సిగ్నల్ ఏది?" ఒకరు 100 మెగాహెర్ట్జ్ అన్నారు, ఇంకొకరు 66 అన్నారు. నేను 8 అన్నాను, కాస్త చిన్నగానే. ఆయన తల అడ్డంగా ఊపి, "క్లాక్ ఫ్రీక్వెన్సీ కాదండీ, రైజ్ టైమ్ చెప్పండి" అన్నారు. ఎవరి దగ్గరా జవాబు లేదు.

సిగ్నల్ సెకనుకి ఎన్నిసార్లు మారుతుందన్నది ఒక విషయం. మారే ప్రతిసారీ ఎంత త్వరగా మారుతుందన్నది వేరే విషయం, రైజ్ టైమ్ అంటే అదే. ట్రేస్‌కి రెండోదే ముఖ్యం. 0.35ని రైజ్ టైమ్‌తో భాగిస్తే ఆ ఎడ్జ్‌లో ఎంత ఫ్రీక్వెన్సీ దాకా శక్తి ఉందో సుమారుగా వస్తుంది. 1 నానోసెకను ఎడ్జ్ అయితే 350 మెగాహెర్ట్జ్. ఆ ఎడ్జ్ నిమిషానికి ఒక్కసారి వచ్చినా సరే. క్లాక్‌ని 1 మెగాహెర్ట్జ్‌కి దించినా మా బోర్డు ఎందుకు మాట వినలేదో కుర్చీలో కూర్చునే అర్థమైపోయింది. నేను మార్చింది ఎడ్జ్ ఎన్నిసార్లు వస్తుందన్నదే. ఎడ్జ్ అలాగే ఉంది.

అదే సూత్రం స్కోప్‌కీ వర్తిస్తుంది. మాది 100 మెగాహెర్ట్జ్ స్కోప్, అంటే దాని సొంత రైజ్ టైమే 3.5 నానోసెకన్లు. స్క్రీన్ మీద కనిపించే ఎడ్జ్‌లో సిగ్నల్‌దీ స్కోప్‌దీ కలిసి ఉంటాయి: రెండిటి వర్గాలు కూడి, వర్గమూలం తీస్తే వచ్చేది. ఆ రాత్రి గదికి వెళ్లి వెనక్కి లెక్క కట్టాను. 7 నానోసెకన్లుగా కనిపించిన పాత చిప్ అసలు ఎడ్జ్ 6. 3.6గా కనిపించిన కొత్త చిప్‌ది 0.8. రెట్టింపు వేగం అనుకున్నది నిజానికి ఏడు రెట్లు పైన. 0.35ని 0.8తో భాగించి చూస్తే 440 మెగాహెర్ట్జ్ దగ్గర తేలింది. నా 8 మెగాహెర్ట్జ్ క్లాక్ అది.

ఇంకో లెక్క కూడా అప్పుడే చేశాను. మామూలు ఎఫ్ఆర్4 (గ్లాస్ ఫైబర్, ఎపాక్సీ) బోర్డు పై లేయర్లో సిగ్నల్ మిల్లీమీటరుకి దాదాపు 6 పికోసెకన్లు తీసుకుంటుంది. 200 మిల్లీమీటర్లకి 1.2 నానోసెకన్లు. పోయి రావడానికి 2.4. పాత చిప్ ఎడ్జ్ 6 నానోసెకన్ల పాటు మెల్లగా ఎక్కుతుంటే, ట్రేస్ చివర తగిలి వెనక్కి వచ్చిన అల ఆ ఎక్కుడులోనే కలిసిపోయేది. కొత్త ఎడ్జ్ 0.8లో పూర్తిగా ఎక్కేస్తుంది. అది ఎక్కడం అయిపోయాక అల తిరిగొస్తుంది, విడిగా కనిపిస్తుంది. పోయే సమయం రైజ్ టైమ్‌లో ఆరో వంతు దాటితే ట్రేస్‌ని తీగలా చూడకూడదు, ట్రాన్స్‌మిషన్ లైన్‌గా చూడాలని క్లాస్‌లో చెప్పారు. 6లో ఆరో వంతు 1. నా ట్రేస్ 1.2. అంటే ఆరేళ్లూ ఆ బోర్డు గీత మీదే నడిచింది. దాన్ని బాగా డిజైన్ చేశానని నేను అనుకుంటూ వచ్చాను.

క్లాస్ నాకు మాటలు ఇచ్చింది. నమ్మకం మాత్రం బెంచ్ మీదే కుదిరింది. ఇది ఉద్యోగం చేస్తూ నేర్చుకునేవాళ్లకి గట్టిగా చెప్పాలనిపిస్తుంది: ఇంపీడెన్స్ (వేగమైన సిగ్నల్‌కి లైన్ చూపించే అడ్డు) అన్న మాటని కళ్లతో చూసేదాకా ముందుకి పోకండి. నేను చేసింది చాలా చిన్న ప్రయోగం. ఒక 74ఏసీ14 చిప్ తీసుకున్నాను. అందులో ఆరు ఇన్వర్టర్లు ఉంటాయి. ఒకదాన్ని 1 మెగాహెర్ట్జ్ ఆసిలేటర్‌గా కట్టాను. మిగతా ఐదింటి అవుట్‌పుట్లకి తలా ఒక 220 ఓమ్‌ల రెసిస్టర్ పెట్టి ఒకచోట కలిపాను. ఐదూ ప్యారలల్‌గా 44 ఓమ్‌లు, గేట్ల సొంత రెసిస్టెన్స్ కలుపుకుంటే దాదాపు 50. అక్కడి నుంచి 3 మీటర్ల ఆర్‌జీ58 కేబుల్. కేబుల్ మొదట్లోనే స్కోప్. రెండో చివర ఏమీ కలపలేదు.

5 వోల్ట్ల చిప్ కదా, స్క్రీన్ మీద 5 వోల్ట్లు కనిపించాలి. ముందు 2.5 దగ్గరికి ఎక్కి ఆగింది. 30 నానోసెకన్లు అక్కడే నిలబడి, తర్వాత 5కి ఎక్కింది. ఆ మెట్టు చూస్తూ చాలాసేపు కూర్చున్నాను. ఆ 30 నానోసెకన్లూ చిప్‌కి అవతల ఏముందో తెలియదు. 15 పోవడానికి, 15 వార్త తిరిగి రావడానికి. అప్పటిదాకా దానికి తెలిసింది కేబుల్ ఒక్కటే, ఆ కేబుల్ 50 ఓమ్‌ల రెసిస్టర్‌లా ప్రవర్తిస్తోంది. మల్టీమీటర్ పెట్టి అదే కేబుల్ తీగని ఈ చివర నుంచి ఆ చివరకి కొలిస్తే ఒక ఓమ్ కూడా లేదు. మరి 50 ఎక్కడిది? మీటరు కేబుల్‌కి సుమారు 250 నానోహెన్రీల ఇండక్టెన్స్, 100 పికోఫారడ్‌ల కెపాసిటెన్స్. మొదటిదాన్ని రెండోదానితో భాగించి వర్గమూలం తీస్తే 50. రెండిటినీ గుణించి వర్గమూలం తీస్తే మీటరుకి 5 నానోసెకన్లు. నేను స్క్రీన్ మీద చూసిన రెండు అంకెలూ ఆ రెండిటి నుంచే వచ్చాయి.

తర్వాత కేబుల్ చివర 500 ఓమ్‌ల పాట్ (తిప్పితే విలువ మారే రెసిస్టర్) పెట్టి మెల్లగా తిప్పాను. పూర్తిగా ఒకవైపు తిప్పి షార్ట్ చేస్తే, 30 నానోసెకన్ల తర్వాత 2.5 కాస్తా కింద సున్నాకి పడిపోయింది. రెండో వైపు తిప్పుతూ పోతే మెట్టు పైకి లేచింది. మధ్యలో ఒక్కచోట మెట్టు మాయమై గీత 2.5 మీద చదునుగా పరుచుకుంది. వేలు అక్కడే ఆపి, పాట్ ఊడదీసి మీటర్‌తో కొలిచాను. 51 ఓమ్‌లు. పుస్తకాల్లో ఎన్నోసార్లు దాటేసిన రిఫ్లెక్షన్ సూత్రం, లోడ్‌లోంచి లైన్ ఇంపీడెన్స్ తీసేసి రెండిటి మొత్తంతో భాగించడం, ఆ రోజు నుంచి నాకు సూత్రంలా అనిపించదు. పాట్ తిప్పుతున్న వేలు గుర్తొస్తుంది.

ఈ లెక్కలు మన కాలంవి కావని తెలిసినప్పుడు ఇంకా ఆశ్చర్యపోయాను. 1858లో అట్లాంటిక్ సముద్రం అడుగున వేసిన మొదటి టెలిగ్రాఫ్ కేబుల్ మీద విక్టోరియా రాణి పంపిన 98 పదాల సందేశం చేరడానికి 16 గంటలు పట్టింది. పల్స్‌లు ఒకదానిలో ఒకటి కలిసిపోయేవి, గట్టిగా పంపితే లాభం లేకపోయింది. ఆ కేబుల్ కొన్ని వారాల్లోనే పాడైపోయింది. లైన్‌లో ఇండక్టెన్స్ కూడా కలిపి మనం ఇవాళ వాడే సమీకరణాలు రాసినవాడు ఆలివర్ హెవిసైడ్. పదహారేళ్లకి బడి మానేసి, టెలిగ్రాఫ్ ఆపరేటర్‌గా ఉద్యోగం చేస్తూ సొంతంగా చదువుకున్న మనిషి. ఆఫీసుకి ముందు ఒక గంట, వచ్చాక ఒక గంట చదువు నెట్టుకొస్తున్న రోజుల్లో ఆయన గుర్తుకు రావడం నాకు బలాన్నిచ్చింది.

ఇక బోర్డు దగ్గరికి వద్దాం. మా ట్రేస్ వెడల్పు, దాని కింద గ్రౌండ్ ప్లేన్ (గ్రౌండ్‌గా వాడే రాగి పొర) ఎంత దూరంలో ఉందో చూసి లెక్క కడితే ఇంపీడెన్స్ 60 ఓమ్‌ల దగ్గర వచ్చింది. కొత్త బఫర్ అవుట్‌పుట్ రెసిస్టెన్స్ దాదాపు 10 ఓమ్‌లు. 3.3 వోల్ట్ల చిప్ లైన్‌లోకి పంపే మొదటి అల 2.8 వోల్ట్లు. చివర అది రెట్టింపై 5.6. వెనక్కి వెళ్లి బఫర్ దగ్గర తలకిందులై తిరిగొచ్చాక చివర పిన్ 1.6కి పడుతుంది. ఇన్‌పుట్ గీత, అంటే చిప్ సున్నాని ఒకటిని వేరుచేసే హద్దు, 3.3లో సగం, 1.65. ఇదీ కథ. మూడో చిప్‌కి సిగ్నల్ ఒకసారి ఎక్కింది, గీత దాకా జారింది, మళ్లీ ఎక్కింది. రెండు క్లాకులు. పిన్ లోపలి డయోడ్లు కొంత కోసేస్తాయి కాబట్టి కొన్ని బోర్డులు బతికిపోయాయి, కొన్ని బతకలేదు. ప్రోబ్‌లో ఉన్న 10 పికోఫారడ్‌లు ఎడ్జ్‌ని కాస్త మొద్దు చేసి ఆ జారుడుని గీత పైనే ఆపేవి.

లెక్క సరిపోయింది కదా అని చూడ్డానికి ఒక 1 గిగాహెర్ట్జ్ స్కోప్ కొద్దిరోజులకి తెప్పించుకున్నాం. పిన్ మీద పెట్టగానే పెద్ద రింగింగ్ (ఎడ్జ్ తర్వాత సిగ్నల్ పైకీ కిందకీ ఊగడం) కనిపించింది. దాని ఫ్రీక్వెన్సీ కొలిస్తే 130 మెగాహెర్ట్జ్. కానీ నా లెక్క ప్రకారం ట్రేస్ రింగింగ్‌కి పీరియడ్ పోయే సమయానికి నాలుగు రెట్లు, అంటే 4.8 నానోసెకన్లు, 208 మెగాహెర్ట్జ్ రావాలి. రెండు రోజులు ఈ తేడా తేలక తల బద్దలు కొట్టుకున్నాను. చివరికి అది ప్రోబ్ గ్రౌండ్ తీగ అని తెలిసింది. 15 సెంటీమీటర్ల మొసలి క్లిప్ తీగ దాదాపు 150 నానోహెన్రీలు, ప్రోబ్ 10 పికోఫారడ్‌లు. రెండూ కలిసి మోగేది సరిగ్గా 130 దగ్గరే. క్లిప్ తీసేసి, ప్రోబ్ మొనకి చిన్న స్ప్రింగ్ గ్రౌండ్ తగిలించి పక్కనే ఉన్న గ్రౌండ్ ప్యాడ్‌కి ఆనించాను. 130 పోయింది. దాని కింద దాక్కున్న అసలు రింగింగ్ బయటపడింది. 205, 210 మధ్య. నా జీవితంలో ఒక లెక్క కొలతతో అంత దగ్గరగా కలిసి అంత సంతోషం ఇవ్వడం అదే మొదటిసారి.

సరే, మందు తెలుసు: బఫర్ దగ్గర సిరీస్ రెసిస్టర్. 60 లోంచి 10 తీసేస్తే 50. దొరికింది 47. ట్రేస్ కోసి, మధ్యలో రెసిస్టర్ పెట్టి సోల్డర్ చేశాను. మూడో చిప్ దగ్గర సిగ్నల్ పాఠ్యపుస్తకంలో బొమ్మలా వచ్చింది. ఒక్క జారుడు లేదు. టీమ్ అంతా వచ్చి చూశారు. రాత్రంతా టెస్ట్ నడిపి ఉదయం వచ్చి చూస్తే తప్పులు ముందుకంటే ఎక్కువ.

ఈసారి తప్పు మొదటి చిప్‌ది.

దీని మీద నాలుగు మాటలు ఎక్కువ చెప్తాను, ఎందుకంటే చాలామంది ఇక్కడే దెబ్బతింటారు. సిరీస్ రెసిస్టర్ పెట్టినప్పుడు లైన్‌లోకి పోయేది సగం వోల్టేజే. చివర రెట్టింపై పూర్తి అవుతుంది, తిరిగొచ్చే అల దారిలో ఉన్నవాళ్లకి మిగతా సగం ఇచ్చుకుంటూ వస్తుంది, మొదట్లో రెసిస్టర్ దాన్ని మింగేస్తుంది. చివర ఉన్న చిప్‌కి ఇది అమృతం. దారిలో ఉన్న చిప్‌కి మాత్రం ముందు సగం వచ్చి, కాసేపు ఆగి, తర్వాత మిగతా సగం వస్తుంది. మా మొదటి చిప్ బఫర్ నుంచి 5 సెంటీమీటర్ల దూరంలో ఉంది. అక్కడి నుంచి చివరకి పోయి రావడానికి 1.8 నానోసెకన్లు. అందులో 0.8 ఎక్కడానికి పోతే, ఒక నానోసెకను పాటు సిగ్నల్ సరిగ్గా 1.65 దగ్గర, అంటే ఇన్‌పుట్ గీత మీదే కూర్చుంటోంది. ఏ కొంచెం నాయిస్ తగిలినా అది రెండు క్లాకులే. కేబుల్ ప్రయోగంలో 30 నానోసెకన్ల మెట్టుని నేను మురిసిపోతూ చూశాను కదా, అదే మెట్టు నా బోర్డు మీద నా చేతులతో తయారుచేశాను.

అప్పటికే తయారైపోయిన బోర్డులకి ఒక సర్దుబాటు దొరికింది. 47 ఓమ్‌ల రెసిస్టర్ తర్వాత గ్రౌండ్‌కి ఒక 100 పికోఫారడ్ కెపాసిటర్. బఫర్ వైపు 57, లైన్ వైపు 60, రెండూ ప్యారలల్‌గా 29 ఓమ్‌లు. ఎడ్జ్ సుమారు 6.4 నానోసెకన్లు అవుతుంది. పాత చిప్ ఎడ్జ్ ఎంతో దాదాపు అంతే. వేగాన్ని వెనక్కి తిప్పామన్నమాట. ఆ బోర్డులన్నీ బాగుపడ్డాయి. కానీ తర్వాతి వెర్షన్‌కి 40 మెగాహెర్ట్జ్ క్లాక్ కావాలి, అక్కడ ఇంత మొద్దు ఎడ్జ్ పనికిరాదు. లైన్ చివర గ్రౌండ్‌కి 60 ఓమ్‌లు పెడితే దారిలో అందరికీ ఒకే దెబ్బలో పూర్తి సిగ్నల్ వస్తుంది, కానీ హైలో ఉన్నంతసేపూ దాదాపు 47 మిల్లీ ఆంపియర్లు కావాలి. ఆ బఫర్ తట్టుకోలేదు. చివరికి మూడు అవుట్‌పుట్లున్న క్లాక్ బఫర్ పెట్టి, ఒక్కో చిప్‌కి ఒక్కో ట్రేస్, ఒక్కో ట్రేస్‌కి సొంత రెసిస్టర్ ఇచ్చాం. ఒక లైన్, ఒక చివర, దారిలో ఎవరూ లేరు. ఈ నిర్ణయానికి పట్టింది పది నిమిషాలు. ఆ పది నిమిషాల వెనక నాలుగు నెలలు ఉన్నాయి.

కొత్త లేఅవుట్ మొదలుపెట్టాక ఇంకో గట్టి పాఠం ఎదురైంది. పాత బోర్డులో గ్రౌండ్ ప్లేన్‌ని అనలాగ్, డిజిటల్ అని రెండుగా చీల్చి మధ్యలో సన్నటి సందు వదిలాను. ఎప్పుడో ఒక అప్లికేషన్ నోట్‌లో చదివి పెట్టుకున్న అలవాటు. లేఅవుట్ చేసే మేడమ్ స్క్రీన్ మీద ఆ సందు చూపించి, "మీ క్లాక్ దీని మీంచి దాటుతోంది కదా, కింద రిటర్న్ కరెంట్ ఎటు వెళ్తుంది?" అని అడిగారు. సిగ్నల్‌తో వెళ్లిన కరెంట్ గ్రౌండ్ గుండా వెనక్కి రావాలి, అదే రిటర్న్ కరెంట్. సర్క్యూట్ డయాగ్రమ్‌లో గ్రౌండ్ గుర్తు పెడతాం, అక్కడితో మన బాధ్యత తీరిందనుకుంటాం. కరెంట్‌కి ఆ గుర్తుతో పని లేదు. నెమ్మదైన కరెంట్ రెసిస్టెన్స్ తక్కువున్న దారి వెతుక్కుంటూ ప్లేన్ అంతా పరుచుకుంటుంది. వేగమైన కరెంట్ ఇండక్టెన్స్ తక్కువున్న దారి పడుతుంది, అది సరిగ్గా ట్రేస్ కిందే, నీడలా. సందు వస్తే ఆ నీడ దాని అంచు పట్టుకుని చుట్టు తిరిగి రావాలి.

మాటతో ఊరుకోకుండా ఇదీ బెంచ్ మీద చేశాం. ఒకవైపు రాగి ఉన్న బోర్డు ముక్క తీసుకుని, రాగి లేని వైపు రెండు రాగి టేపులు సెంటీమీటర్ ఎడంతో పక్కపక్కన అంటించాం. ఒకదానిలోకి 74ఏసీ14 సిగ్నల్, రెండోదాని మీద స్కోప్. గీత దాదాపు కదల్లేదు. అప్పుడు బోర్డు తిప్పి, కత్తితో రెండు టేపులకీ అడ్డంగా రాగిలో 5 సెంటీమీటర్ల చీలిక కోశాను. రెండో టేపు మీద కొట్టొచ్చినట్టు పల్స్ లేచింది. టేపులు ఉన్నచోటే ఉన్నాయి, పైన ఏమీ మారలేదు. చీలిక మీద, మొదటి టేపు కిందకి సరిగ్గా వచ్చేలా చిన్న రాగి ముక్క సోల్డర్ చేస్తే పల్స్ పోయింది. అదే ముక్క ఊడదీసి చీలిక చివరకి జరిపితే మళ్లీ లేచింది. మేడమ్ ఏమీ అనలేదు. స్క్రీన్ మీద ఆ సందు మూసేసి ఒకే ప్లేన్ చేసేశారు. అప్పటి నుంచి ట్రేస్ లేయర్ మారిన ప్రతిచోటా, కింది కరెంట్ మారడానికి పక్కనే గ్రౌండ్ వయా (లేయర్లని కలిపే రాగి పూత రంధ్రం) ఉందో లేదో ఇద్దరం వేలు పెట్టి చూస్తాం.

డీకప్లింగ్ కెపాసిటర్ల (చిప్ పవర్ పిన్‌ల పక్కన పెట్టేవి) గురించి పెద్దగా చెప్పను. ప్రతి పవర్ పిన్‌కీ 0.1 మైక్రోఫారడ్ పెట్టేస్తే చాలనుకునే రోజులు నాకూ ఉన్నాయి. ప్యాడ్లు, వయాలు కలిపి 1 నానోహెన్రీ ఇండక్టెన్స్ ఉంటే ఆ కెపాసిటర్ 16 మెగాహెర్ట్జ్ దాటాక కెపాసిటర్‌లా కాకుండా ఇండక్టర్‌లా ప్రవర్తిస్తుంది. విలువ ఎంత అన్నదానికంటే వయాలు ఎంత దగ్గరగా ఉన్నాయి, ప్లేన్ ఎంత లోతులో ఉంది అన్నవే ఎక్కువ పనిచేస్తాయి.

మరీ జాగ్రత్తపడటం కూడా ఒక రోగమే. ఆ తర్వాత చేసిన డీడీఆర్3 మెమరీ బోర్డులో డేటా లైన్ల పొడవులు 0.1 మిల్లీమీటర్ తేడాకి సరిపెట్టాలని మా జూనియర్ ఒకతను వారం రోజులు వంకర్లు తిప్పుతూ కూర్చున్నాడు. లోపలి లేయర్లో మిల్లీమీటరుకి 7 పికోసెకన్లు. 0.1కి 0.7. డీడీఆర్3 1600 వేగంలో ఒక బిట్ 625 పికోసెకన్లు. ఆ వారం క్రాస్‌టాక్ (ఒక లైన్ సిగ్నల్ పక్క లైన్‌లోకి పాకడం) తగ్గించడానికి, లైన్లు ఎడంగా జరపడానికి వాడి ఉంటే ఎంతో లాభం ఉండేది. అతన్ని కూర్చోబెట్టి ఈ మూడు అంకెలు కాగితం మీద రాశాను. వంకర్లు సగానికి పైగా తీసేశాడు.

చదువు విషయంలో నాకు అక్కరకొచ్చిన అలవాటు ఒకటుంది. సిమ్యులేషన్ నడిపే ముందు, ప్రోబ్ పెట్టే ముందు, రావాల్సిన అంకె నోట్‌బుక్‌లో రాస్తాను. ఉచితంగా దొరికే ఎల్‌టీస్పైస్ సిమ్యులేటర్‌లో ట్రాన్స్‌మిషన్ లైన్ ఉంది, చిప్ తయారీదారులు పిన్‌లు ఎలా ప్రవర్తిస్తాయో చెప్పే ఐబిస్ మోడల్స్ ఇస్తారు, పరికరాలకి కొరత లేదు. కానీ ముందే అంకె రాయకపోతే స్క్రీన్ మీద ఏది వచ్చినా నిజమే అనిపిస్తుంది. 130, 208 తేడా నాకు దొరికింది 208 అని ముందు రాసుకోవడం వల్లే. రోజుకి గంటో రెండు గంటలో తప్ప దొరకని మనలాంటి వాళ్లకి ఆ కాస్త సమయంలో ఒక్క అంకె తేలినా చాలు.

కొత్త బోర్డు వచ్చిన రోజు మూడు క్లాక్ పిన్‌లూ స్ప్రింగ్ గ్రౌండ్‌తో ఒక్కొక్కటే చూశాను. మూడింటి దగ్గరా ఎడ్జ్ ఒక్క ఊపులో ఎక్కి నిలిచింది. మేడమ్ కూడా పక్కనే నిలబడి చూశారు. తర్వాత ప్రోబ్ తీసేసి, స్కోప్ ఆపేసి, బోర్డు దగ్గర ఏ తీగా లేకుండా చేసి టెస్ట్ పెట్టాం. మూడు రోజులు, 40 మెగాహెర్ట్జ్ మీద, వేడిలో ఒకసారి, చల్లదనంలో ఒకసారి. నాలుగో రోజు ఉదయం లాగ్ తెరిస్తే పక్కకి జరిగిన బిట్ల లెక్క దగ్గర సున్నా ఉంది.